కప్ప చక్కెర

ఆ సోమవారం ఉదయం కప్పల డాక్టరమ్మ వేసుకున్న పథకంలో ఎక్కడా సీరియల్ లేదు. కాఫీ తాగాలి, అత్తగారికి మాత్రలివ్వాలి, మధ్యాహ్నం డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కాలి, ప్రయోగశాలకు వెళ్ళి శీతలగదిలో రాళ్ళలా పడివున్న కప్పలను మెల్లగా వెచ్చబెట్టి లేపాలి. అంతే. ఆమె చదివిన చదువుకు పేరు బాగా పొడుగు. వీధిలో ఎవరికీ నోరు తిరక్క కప్పల డాక్టరమ్మ అని పిలిచేవారు. భర్త కూడా డాక్టరే, కాకపోతే మనుషుల డాక్టరు. అందులోనూ మధుమేహం ఒక్కటే చూస్తాడు కనుక ఆయన చక్కెర డాక్టరు. ఇంట్లో ఇద్దరు డాక్టర్లున్నా అత్తగారు లోకజ్ఞానం సంపాదించుకునేది మాత్రం సాయంత్రం పూట టీవీలో వచ్చే సీరియల్ నుంచే.

డాక్టరమ్మ బుద్ధిమంతురాలే గానీ ఒక బలహీనత ఉంది. తప్పు మాట చెవిన పడితే సరిదిద్దకుండా ఉండలేదు. పక్కింటి పిల్ల "తిమింగలం పెద్ద చేప" అని పాఠం వల్లె వేస్తుంటే గోడ మీదుగా తల పెట్టి "చేప కాదమ్మా" అని చెప్పి గానీ బస్సుకు పోని మనిషి. ఆ రోజు కూడా ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండో దాని కోసం వెతుకుతుండగా తలుపు చప్పుడైంది. గుమ్మంలో పైవాటా ఆయన నిలబడి ఉన్నాడు. ఈ మధ్యనే అద్దెకు దిగిన సీరియల్ రచయిత. చొక్కా గుండీలు ఒకటి ఎగువకు ఒకటి దిగువకు పెట్టుకుని, ఒక పెన్ను చెవి మీద, ఇంకో పెన్ను నోట్లో పెట్టుకుని వచ్చాడు.

"చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదమ్మా," అన్నాడు నోట్లో పెన్ను తీసి. "ఒక మనిషిని గడ్డకట్టించి మళ్ళీ లేపాలి. కుదురుతుందా?"

"ఎవర్నండీ?"

"మా హీరోయిన్‌ని. పాపం ఆవిడకి ఆరో నెల. ఇన్నాళ్ళూ చేతిలో ఏదో ఒకటి పెట్టి లాక్కొచ్చాం. మొదట్లో పూలబుట్ట, తర్వాత దిండు. నిన్న బీరువా తలుపు చాటున నిలబెట్టాం. ఇక చాటు చేయడానికి ఇంట్లో అంతకంటే పెద్ద సామాను లేదు. కథలో ఆవిడ మొగుడేమో ఓడ మీద ఉద్యోగానికి వెళ్ళి ఏడాదిన్నర దాటింది. ఆ వేషం వేసేవాడు వేరే చానెల్‌కి పోయాడు లెండి. ఇప్పుడు ఈవిడ పొట్ట గనక కెమెరాలో పడిందంటే, మాది కుటుంబ కథ..." అంటూ లోపల సోఫాలో ఉన్న అత్తగారిని చూసి ఆగిపోయాడు.

"కోమాలో పెట్టండి," అంది అత్తగారు అక్కణ్ణించే.

"రెండుసార్లు పెట్టామండీ."

"కాలు విరగ్గొట్టండి."

"ఆవిడ కాలూ విరిగింది, మామగారి కాలూ విరిగింది, డ్రైవరుది కూడా విరిగింది. పైగా కొత్త నిర్మాతగారు సైన్సు కావాలంటున్నారు. అందుకని చేపల గిడ్డంగిలో గడ్డకట్టించేద్దామని. మంచు కింద ముఖం ఒక్కటి కనిపిస్తే చాలు కదా."

"మనిషి గడ్డకడితే చచ్చిపోతాడండీ, లేవడు," అంది డాక్టరమ్మ.

"కొంచెం కూడా లేవడా?"

"కొంచెం లేవడమేమిటండీ."

అక్కడితో ఊరుకుని రెండో చెప్పు తొడుక్కుని ఉంటే ఈ కథే లేదు. కానీ తను అన్న మాటలో చిన్న లోటు ఉందని ఆమెకే అనిపించింది. ఏ ప్రాణీ లేవదని రచయిత అనుకుంటాడేమో, అది తప్పు కదా. "కొన్ని కప్పలైతే లేస్తాయి," అంది. "చలిదేశాల్లో ఉంటాయి. చలికాలం గుండె ఆగిపోయి రాయిలా బిగుసుకుపోతాయి. ఎండ తగిలితే మళ్ళీ లేచి గెంతుతాయి. గడ్డకట్టేటప్పుడు వాటి కాలేయం ఒళ్ళంతా చక్కెర నింపేస్తుంది. ఆ చక్కెర ఉండబట్టే కణాలు చితికిపోవు."

"చక్కెర," అన్నాడు రచయిత, ఎడారిలో వాడు నీళ్ళు అన్నట్టు.

"కప్పలో అండీ. మనిషిలో కాదు."

ఆ మాట ఆయన వీపుకు వినిపించింది గానీ చెవికి వినిపించలేదు. అప్పటికే మెట్లెక్కి పోతున్నాడు.

గురువారం సాయంత్రం సీరియల్లో దుర్మార్గురాలైన తోటికోడలు కథానాయికను చేపల గిడ్డంగిలోకి తోసి తాళం వేసింది. తెల్లారి తలుపు తీసేసరికి కథానాయిక మెడదాకా మంచులో కూరుకుపోయి, పెదాలకు నీలం రంగు పూసుకుని, మూసిన కళ్ళ మీద కాటుక చెదరకుండా పడుకుని ఉంది. తెల్లకోటు డాక్టరు ఒకాయన వచ్చి, మెడలో స్టెతస్కోపు ఉండగా భూతద్దంతో పరీక్ష చేసి, "ఈమె బతికే ఉంది," అన్నాడు. ఇంట్లో వాళ్ళందరి ముఖాలూ మూడేసి సార్లు చూపించారు. "ఈమె రక్తంలో చక్కెర ఎక్కువ. ఆ చక్కెరే ఈమె ప్రాణం నిలిపింది." మళ్ళీ ముఖాలు. చివర్లో పేర్లు పడేటప్పుడు "శాస్త్ర సలహా: కప్పల డాక్టరమ్మ" అని, పక్కన చిన్న కప్ప బొమ్మతో సహా వచ్చింది.

అత్తగారు కళ్ళు తుడుచుకుని లేచి వంటింట్లోకి నడిచింది. డాక్టరమ్మ వెనకాలే వెళ్ళి చూసేసరికి ఆవిడ కాఫీలో చెంచాల కొద్దీ చక్కెర వేసుకుంటోంది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"ప్రాణం కాపాడుకుంటున్నాను."

"మీకు అసలే చక్కెర జబ్బు."

"జబ్బని మీ మొగుడూ పెళ్ళాలు అన్నారు. ఒంట్లో అంత బలం పెట్టుకుని వెర్రిదానిలా మాత్రలు మింగి తగ్గించుకుంటూ వచ్చాను. రేపు నన్నెవరైనా గిడ్డంగిలో పెట్టి తాళం వేస్తే నా గతేమిటి?"

"మిమ్మల్ని ఎవరు పెడతారు అత్తయ్యా? మీకు తోటికోడలే లేదు కదా."

"తోటికోడలు లేదు," అని ఒప్పుకుంది అత్తగారు. కాఫీ ఒక గుక్క తాగి, కోడల్ని కింద నుంచి పైదాకా చూసి, "కోడలుంది," అంది.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం భోజనానికి వచ్చిన చక్కెర డాక్టరు చేతులు కూడా కడుక్కోకుండా కుర్చీలో కూలబడ్డాడు. పొద్దున్నే ఆసుపత్రికి మొదట వచ్చిన రోగి ఒక రిటైరైన హెడ్‌మాస్టరు. సంవత్సరాల తరబడి కొలతగా తిని, కొలతగా నడిచి, చక్కెరను చెప్పుచేతల్లో ఉంచుకున్న మనిషి. మిఠాయి పొట్లంతో లోపలికి వచ్చి, "డాక్టరుగారూ, నాది మూడొందలు దాటింది, నోరు తీపి చేసుకోండి," అన్నాడట. ఆ వెనక వచ్చిన ఇద్దరక్కచెల్లెళ్ళు మాదెక్కువంటే మాదెక్కువని బల్ల ముందే పోట్లాడుకున్నారట. మాత్రలు రాసిస్తే ఒకాయన చీటీ వెనక్కిచ్చి, "మీ ఆవిడకి తెలియకుండా రాస్తున్నారా?" అని అడిగాడట.

"ఏం చెప్పావు నువ్వు వాడికి?" అన్నాడు చక్కెర డాక్టరు.

"కప్ప గురించి చెప్పానండీ."

"నా రోగులందరూ కప్పలైపోయారు. ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే ఎవరో ఒకరు కళ్ళు పోగొట్టుకుంటారు. నవ్వులాట కాదిది."

ఆయన ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అప్పుడూ పెంచలేదు. అదే డాక్టరమ్మకు గుచ్చుకుంది. తిన్నగా మెట్లెక్కి పైవాటా తలుపు తోసింది. రచయిత నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని నేల మీద పడుకుని ఉన్నాడు. చుట్టూ చించేసిన కాగితాలు.

"మీ తెల్లకోటాయన చేత సరిగ్గా చెప్పించండి," అంది ఆమె. "చక్కెర మనుషులకి ప్రమాదం. ఆ విద్య పనిచేసేది కప్పకి మాత్రమే. రాసుకోండి."

రచయిత పడుకునే రాసుకున్నాడు. "తప్పకుండా చెప్పిస్తానమ్మా. మీ వల్లే కథ నిలబడింది. ఆవిడ కాళ్ళు చాపుకుని హాయిగా నటిస్తోంది."

ఆయన మాట తప్పలేదు. ఆ సాయంత్రమే తెల్లకోటు డాక్టరు కెమెరాలోకి సూటిగా చూస్తూ, "జాగ్రత్త. మామూలు చక్కెర మనుషులకి ప్రమాదం," అన్నాడు. డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "పనిచేసేది కప్ప చక్కెర ఒక్కటే."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. తెల్లారేసరికి వీధి చివరి కొట్టువాడు పంచదారకు ఆకుపచ్చ రంగు కలిపి పొట్లాలు కట్టేశాడు. అది నకిలీదని కనిపెట్టిన తెలివైనవాళ్ళు అసలు సరుకు కోసం నేరుగా పరిశోధన సంస్థ గేటు దగ్గరికి వచ్చారు. సీసాలు తెచ్చారు, గిన్నెలు తెచ్చారు. ఒక పెద్దమనిషి బకెట్టు మీద పళ్ళెం బోర్లించి పట్టుకొచ్చి, "కప్పలు మావే బాబూ, చక్కెర తీసిస్తే చాలు," అని కాపలావాడి కాళ్ళావేళ్ళా పడ్డాడు. బకెట్టులోంచి బెకబెకమంటూ వినిపిస్తుంటే వెనకవాళ్ళు "నాటువా, పెంపకమా?" అని ఆరా తీశారు.

సంస్థను నడిపే పెద్దాయన డాక్టరమ్మను తన గదికి పిలిపించాడు. ఆయన ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి ఉంది.

"ఈ గేటు దగ్గరికి పాలవాడు తప్ప ఎవరూ వచ్చి ఎరగరు," అన్నాడు. "ఇవాళ నేను గోడ దూకి ఆఫీసుకి వచ్చాను. ఈ వయసులో. ఆదివారంలోపల ఆ జనం పోకపోతే మీ శీతలగదికి తాళం వేస్తాను. కప్పల్ని ఎక్కడికి పంపుకుంటారో మీ ఇష్టం."

"సార్, మూడు చలికాలాల పని అది."

"అందుకే ఆదివారం దాకా ఆగుతున్నాను." ఆయన కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మా అమ్మగారు అడగమన్నారు. నిజంగా అలాంటిదేమైనా తయారు చేశారా?"

డాక్టరమ్మ సాయంత్రం ఇంటికి కూడా వెళ్ళకుండా పైవాటాకే వెళ్ళింది. ఈసారి రచయిత కాళ్ళమీద పడినంత పని చేశాడు. తను రాసింది వేరే, నిర్మాత కలిపిన ముక్క వేరే అన్నాడు. ఆఖరికి ఒక దారి చెప్పాడు. శనివారం సాయంత్రం వెయ్యో ఎపిసోడ్. ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. కోతలుండవు, కలపడాలుండవు. "మీరే తెల్లకోటు వేసుకుని వచ్చి మీ నోటితో చెప్పండమ్మా. ఒక్క అక్షరం ఎవరూ మార్చలేరు."

డాక్టరమ్మకు అది సబబుగా తోచింది. గడ్డకట్టిన కప్పను ఒకదాన్ని మంచుపెట్టెలో తీసుకెళ్ళి, అందరికీ చూపించి, బతికేది ఇది, మీరు కాదు అని చెప్పి వచ్చేయవచ్చు. "చక్కెర తినొద్దని మూడుసార్లు చెప్పు," అన్నాడు భర్త. అత్తగారు బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుని, అందరికంటే ముందు వెళ్ళి కారులో కూర్చుంది. దారిలో రెండుసార్లు మంచినీళ్ళ సీసా ఖాళీ చేసింది.

స్టూడియో అంటే పెద్ద రేకుల షెడ్డు. అందులో సగం సీరియల్ వాళ్ళ ఇంటి హాలు, ఎక్కితే ఎక్కడికీ చేరని మెట్లతో సహా. మిగతా సగం చేపల గిడ్డంగి. థర్మోకోల్ దిమ్మెలు, దూది, ఉప్పు కలిపి చేసిన మంచు మధ్య కథానాయిక పడుకుని చేతి విసనకర్రతో విసురుకుంటోంది. లైట్ల వేడికి నుదుటి మీద చెమట కారిపోతుంటే మేకప్ ఆవిడ ఎప్పటికప్పుడు అద్దుతోంది.

"ఇంత వేడిలో గడ్డకట్టడం మావల్ల కాదండీ," అంది కథానాయిక డాక్టరమ్మతో నవ్వుతూ. "ఇవాళ్టితో అయిపోతే రేపట్నుంచి సెలవు. కాళ్ళు బాగా లాగేస్తున్నాయి. ఈ సెలవు కోసమే ఇంత తతంగం."

తర్వాత డాక్టరమ్మను పట్టుకుపోయి కుర్చీలో కూలేశారు. శాస్త్రవేత్తలా లేదని మేకప్ ఆవిడకు అనుమానం వచ్చింది. జుట్టంతా కరెంటు కొట్టినట్టు పైకి దువ్వి, చెవుల దగ్గర సున్నం రంగు పూసి, సీసా అడుగుల్లాంటి కళ్ళజోడు పెట్టింది. ఆ అద్దాల్లోంచి డాక్టరమ్మకు లోకమంతా చేపల తొట్టిలా కనపడింది. అందుకే వెనకాల సామాన్ల మనిషి చేసిన పని ఆమె చూడలేదు. ఆ ప్లాస్టిక్ మంచుపెట్టె కెమెరాలో నదురుగా లేదని అతను కప్పను తీసి గాజుగిన్నెలో పెట్టి, అన్నిటికంటే పెద్ద లైటు కింద ఎత్తైన బల్ల మీద ఉంచాడు. అప్పటికింకా మధ్యాహ్నమే. ప్రసారం సాయంత్రానికి గానీ లేదు. కప్ప మాత్రం వసంతం వచ్చిందనుకుంది.

ప్రసారానికి ముందు దర్శకుడు చేతిలో కాగితంతో పరుగెత్తుకొచ్చాడు. ముఖంలో రక్తం లేదు.

"మేడమ్, చిన్న అనుమానం. మనిషి గడ్డకడితే బతకదని మీరంటున్నారు."

"అవును, బతకదు."

"మరి ఆవిడ?"

అందరూ మంచు వైపు చూశారు. కథానాయిక విసనకర్ర ఆపేసింది. రచయిత నోట్లో పెన్ను జారి కింద పడింది. అందరి ప్రాణం గురించీ ఆలోచించాడు గానీ ఈ ఒక్క ప్రాణం సంగతి ఆయనకు తట్టనేలేదు.

"అంటే మీరు వెయ్యో ఎపిసోడ్‌లో మా హీరోయిన్‌ని చంపుతున్నారు," అన్నాడు దర్శకుడు.

"నేను చంపడమేమిటండీ. గడ్డకట్టించింది మీరు."

ఈ మాటలు ప్రేక్షకుల కుర్చీల్లో మొదటి వరస దాకా వినిపించాయి. "అమ్మాయ్," అని పిలిచింది అక్కణ్ణించి అత్తగారు, "ఆ పిల్ల నీకేం ద్రోహం చేసింది?" వెనకాల ఆడవాళ్ళు ఒకరిద్దరు ముక్కులు చీదారు. అత్తగారు ఇంకేదో అనబోతుండగా కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

తోటికోడలు వేషం వేసినావిడ పెద్ద కొప్పుతో, రాని కన్నీళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "చెప్పండి డాక్టర్. మా అక్క లేస్తుందా?"

డాక్టరమ్మకు చేపల తొట్టిలోంచి ఒక పక్క కెమెరా, ఒక పక్క అత్తగారు కనిపించారు. మనసులో హెడ్‌మాస్టరు మిఠాయి పొట్లం మెదిలింది. లేస్తుందంటే రేపు ఎందరు మంచాన పడతారో తెలియదు. లేవదంటే ఈ గదిలోంచి తను కుదురుగా బయట పడేట్టు లేదు. కాస్త వ్యవధి దొరుకుతుందని, తను తెచ్చుకున్న చెంచా తీసుకుని బల్ల దగ్గరికి నడిచింది.

"ముందు ఈ కప్పని చూడండి," అంది. "చచ్చిపోలేదు. గడ్డకట్టింది. కొడితే రాయిలా మోగుతుంది."

చెంచాతో కొట్టింది. మోగలేదు. చెంచా మెత్తగా దిగింది. కప్ప ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది తెరిచింది. ఒకటి రెండుసార్లు గొంతు ఆడించి, ఎదురుగా కనిపించిన నల్లటి గుబురు ఏ పొదో అనుకుని ఎగిరి తోటికోడలి కొప్పు మీద వాలింది. ఆవిడ కెవ్వుమని తల విదిలించింది. అక్కణ్ణించి లేచిన కప్ప గాల్లో రెండు పల్టీలు కొట్టి, పాపం ఆ హడావిడికి కళ్ళు గట్టిగా మూసుకున్న కథానాయిక ముక్కు మీద చల్లగా కూర్చుంది.

కథానాయిక ఒక్క కేక పెట్టి లేచి నిలబడింది. థర్మోకోల్ దిమ్మెలు బంతుల్లా ఎగిరిపడ్డాయి. ఉప్పు చిమ్మింది. దూది అంతా రాలిపోయింది. మధ్యలో నిండు పొట్ట రెండు చేతులా పట్టుకుని ఆవిడ, ఆవిడ మీద ఎర్రదీపంతో మూడు కెమెరాలు. కెమెరాలు తిప్పేవాళ్ళు దిమ్మెరపోయి వాటిని పక్కకు తిప్పలేదు.

 వెనక వరస నుంచి ఎవరిదో గొంతు స్పష్టంగా, "ఓడ ఏడాదిన్నరగా రాలేదు కదా," అంది.

రచయిత ఒక మంచుదిమ్మె మీద కూర్చున్నాడు. అది విరిగి ఆయన నేల మీద కూర్చున్నాడు. దర్శకుడు గాల్లో చేతులు తిప్పుతూ ఏదో ఒకటి చెప్పమని డాక్టరమ్మకు సైగలు చేశాడు.  పుట్టి బుద్ధెరిగాక సరిదిద్దడానికి ఇన్ని తప్పులు ఒకేచోట ఆమె చూడలేదు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు.

అప్పుడు అత్తగారు లేచింది. ఆపబోయిన కుర్రాడి చేతిలో తన సంచి పెట్టి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని తాపీగా వేదిక ఎక్కింది. తన భుజం మీద కొంగు తీసి కథానాయిక ముఖాన ఉప్పు తుడిచింది.

"నోళ్ళు తెరవడానికి ఇందులో ఏముంది?" అంది జనాన్ని చూసి. "ఈ పిల్ల గడ్డకట్టనూ లేదు, పాడూ లేదు. అదిగో, ఆ మహాతల్లి చంపాలని చూస్తోందని తెలుసుకుని, కడుపులో బిడ్డని దక్కించుకోవడానికి గడ్డకట్టినట్టు నటించింది. తల్లి అంటే అలాగే ఉంటుంది."

"మరి మొగుడు?" అంది వెనక వరస గొంతు.

"మీరందరూ సీరియల్ చూస్తున్నారా, కునుకు తీస్తున్నారా? ఆరు నెలల కిందట తుఫాను ఎపిసోడ్‌లో దీపాలు ఆరిపోయినప్పుడు గుమ్మం పక్కన మగవాళ్ళ చెప్పులు ఉన్నాయి, తడిసి ముద్దయి. అవి ఎవరివని ఎవరైనా అడిగారా? మామగారివి కావు, ఆయన కాలు అప్పటికి కట్టులో ఉంది. ఓడ దిగి దొంగచాటుగా వచ్చి పెళ్ళాన్ని చూసి పోయాడు. బయటపడితే తోటికోడలు వాణ్ణి కూడా బతకనివ్వదు."

జనంలో ఒక పెద్ద "ఆఁ" లేచింది. వెయ్యి రోజుల చిక్కుముడి విడిపోయినట్టు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తోటికోడలు వేషం ఆవిడ పని తెలిసిన మనిషి, వెంటనే రెండడుగులు వెనక్కి వేసి "నీకెలా తెలిసింది?" అంది పళ్ళు కొరుకుతూ. చప్పట్లు మొదలయ్యాయి.

అత్తగారు చెయ్యెత్తి ఆపింది. ఆమె గొంతు కాస్త తగ్గింది.

"మా కోడలు మొదట్నుంచీ అదే చెబుతోంది, మనిషి గడ్డకడితే లేవడని. విన్నదెవరు? నేనూ వినలేదు. వారం రోజుల నుంచి దొంగతనంగా చక్కెర తింటున్నాను. కళ్ళు తిరుగుతున్నాయి, ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు. కొడుక్కి చెప్పడానికి నామోషీ. డాక్టరు తల్లిని కదా." కోడలి వైపు తిరిగింది. "చెప్పమ్మా. ఇప్పుడు వింటారు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసింది. కెమెరా ఎక్కడుందో కనపడింది. అత్తగారి చెయ్యి పట్టుకుంటే చల్లగా చెమట పట్టి ఉంది.

"కప్ప చక్కెర అని ఏదీ లేదు," అంది. "కప్పకి మేలు చేసింది మనకి చెరుపు చేస్తుంది. జబ్బున్నవాళ్ళు తీపి మానేయండి. రేపు పొద్దున్నే మీ మీ డాక్టర్ల దగ్గరికి వెళ్ళండి. మా అత్తయ్యని నేను ఇప్పుడే తీసుకెళ్తున్నాను."

ఆ ముక్క మూడుసార్లు చెప్పాలన్న సంగతి ఆమె మరిచిపోయింది. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఎర్రదీపం ఆరగానే దర్శకుడు అత్తగారి కాళ్ళకు దండం పెట్టాడు. రచయిత నేల మీది నుంచి లేవకుండానే, "ఆ చెప్పులు నావండీ," అన్నాడు హీనస్వరంతో. "ఆ రోజు వానలో వచ్చి అక్కడ విడిచి మరిచిపోయాను."

"ఎవరితోనూ అనకు," అన్నాడు దర్శకుడు.

కప్పను తోటికోడలి కొప్పులోంచి తీయడానికి కొంచెంసేపు పట్టింది. అది మళ్ళీ అక్కడికే ఎలా చేరిందో ఎవరికీ తెలియదు.

చక్కెర డాక్టరు ఆ సాయంత్రమే తల్లికి మందు మార్చి పక్కన కూర్చున్నాడు. ఒక్క మాట దెప్పలేదు, దానితో ఆవిడ రెండు రోజులు బుద్ధిగా ఉంది. సోమవారం ఆసుపత్రికి హెడ్‌మాస్టరు ఖాళీ చేతులతో వచ్చి తల వంచుకుని చీటీ రాయించుకున్నాడు. అక్కచెల్లెళ్ళు మాది తగ్గిందంటే మాది తగ్గిందని పోట్లాడుకున్నారు. పరిశోధన సంస్థ గేటు దగ్గర జనం పోయారు, పెద్దమనిషి వదిలేసిన బకెట్టు మాత్రం మిగిలింది. కథానాయిక, కథలోనూ బయటా, బిడ్డను కనడానికి దర్జాగా సెలవు మీద వెళ్ళింది. రచయిత రోజూ పొద్దున్నే కాగితాలు పట్టుకుని కిందికి దిగి సోఫా ముందు పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. కథ చెప్పాలంటే బుర్ర తేటగా ఉండాలి కనుక అత్తగారు మాత్రలు వేళ తప్పకుండా వేసుకునేది. సీరియల్ చివర పేర్లలో శాస్త్ర సలహా తీసేసి ఆ స్థానంలో "కథా సలహా" అని ఆవిడ పేరు వేశారు.

నెల తిరక్కుండా సంస్థలో డాక్టరమ్మ తన మూడు చలికాలాల పని మీద ప్రసంగం ఇచ్చింది. మామూలుగా అయితే ముందు వరసలో నలుగురు కూర్చుంటారు, అందులో ఒకరు నిద్రపోతారు. ఆ రోజు హాలు నిండి జనం తలుపుల దగ్గర కూడా నిలబడ్డారు. కప్ప గుండె ఆగిన తీరు, మళ్ళీ మొదటిసారి కొట్టుకున్న తీరు ఆమె తెర మీద చూపిస్తుంటే ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.  ప్రసంగం ముగించి, ప్రశ్నలుంటే అడగమంది.

మొదటి వరసలో పెద్దాయన చెయ్యెత్తి, గొంతు సవరించుకుని లేచాడు. "చాలా లోతైన పరిశోధన. నాదొక్కటే ప్రశ్న," అన్నాడు. "ఆ తోటికోడలికి శిక్ష పడుతుందా?"

హాలంతా ముందుకు వంగింది. డాక్టరమ్మ, తనకు తెలియని విషయం మీద శాస్త్రవేత్త ఊహాగానాలు చేయకూడదని చెప్పి, తర్వాతి ప్రశ్న అడగమంది.